ఆఫీసర్లకి ఐదు రోజులు, యూనియన్ స్టాఫ్‌కి మూడు రోజులు: ఇది చెల్లుతుందా?

తమ్ముడూ, నువ్వు రాసింది రెండు సార్లు చదివాను. సంగతి ఇదీ కదా. బెంగుళూరులో ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలో నువ్వు ఆఫీసర్‌వి, నీ కింద పద్నాలుగు మంది స్టాఫ్, అందరూ యూనియన్ గ్రేడే. ఇన్నాళ్లూ వారానికి రెండ్రోజులు ఆఫీసుకొస్తే సరిపోయేది. ఇప్పుడు సర్క్యులర్ వచ్చింది, ఆఫీసర్లు ఒకటో తారీఖు నుంచి ఐదు రోజులూ రావాలి, స్టాఫ్ సంగతి యూనియన్‌తో మాట్లాడి చెప్తాం, అంతవరకు మూడు రోజులు అని. నువ్వేమో ఈలోపు కాపురం హిందూపురానికి మార్చేశావు. ఒకే సెక్షన్‌లో రెండు రూల్సా, ఇది కోర్టులో నిలుస్తుందా, నా వాళ్లకి నేనేం చెప్పాలి అని నీ బాధ.

నిలుస్తుంది. ముందే చెప్పేస్తున్నా, తర్వాత ఎందుకో చెప్తా.

నేను కేంద్ర ప్రభుత్వ ఆఫీసుల్లో ముప్పై ఒక్క ఏళ్లు చేశాను, మొదటి సగం అసోసియేషన్ తరఫున మీటింగుల్లో టేబుల్‌కి ఇటువైపు కూర్చుని అరిచాను, గెజిటెడ్ అయ్యాక అదే టేబుల్‌కి అటువైపు కూర్చుని అరిపించుకున్నాను, చివరి నాలుగేళ్లు డెప్యుటేషన్ మీద ఒక ప్రభుత్వ కంపెనీ హెచ్ఆర్‌లో ఉన్నాను. అందుకని రెండు వైపులా ఎవరేం మాట్లాడతారో బాగా తెలుసు.

ఆఫీసర్లు ముందు, స్టాఫ్ తర్వాత అనేది మీ కంపెనీ కొత్తగా కనిపెట్టింది కాదు. 2020 లాక్‌డౌన్‌లో ఏప్రిల్ 15న హోం శాఖ ఆర్డర్ గుర్తుందా, డెప్యూటీ సెక్రటరీ, ఆ పైవాళ్లు నూటికి నూరు శాతం రావాలి, మిగతావాళ్లు అవసరాన్ని బట్టి 33 శాతం దాకా రావాలి అన్నారు. మే నెలలో ఆ 33 కాస్తా 50 అయింది, ఆఫీసర్లకి మాత్రం మార్పేమీ లేదు, రోజూ రావాల్సిందే. 2021 ఫిబ్రవరిలో అందర్నీ రమ్మన్నారు, రెండో వేవ్ రాగానే మళ్లీ సగం సగం, అప్పుడు గీత అండర్ సెక్రటరీ దగ్గర, అంటే డెప్యూటీ సెక్రటరీకి ఒక మెట్టు కింద గీశారు. 2022 జనవరి 3న మళ్లీ అదే, చివరికి ఫిబ్రవరి 7 నుంచి అన్ని స్థాయిల వాళ్లూ రావాలని తేల్చేశారు. ఇన్ని ఆర్డర్లు వచ్చాయా, ప్రతిసారీ గీత హోదాని బట్టే గీశారు. ఎవరి ఇల్లు ఎంత దూరమో, ఎవరికి ఇంట్లో పసిపిల్లలున్నారో చూడలేదు. వీటిలో కొన్ని ఆర్డర్లలో, 2022 జనవరి దాంట్లో కూడా, గర్భిణులకీ దివ్యాంగులకీ మినహాయింపు ఇచ్చారు, అది మంచి పనే.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. ఇంటి నుంచి పని అనేది ఈ ఆర్డర్లన్నిట్లోనూ ఒక తాత్కాలిక ఏర్పాటు, హక్కు అని ఎక్కడా రాయలేదు. 2020 మేలో సిబ్బంది శాఖ ఒక ముసాయిదా తిప్పింది, ఉద్యోగులకి ఏడాదికి 15 రోజులు ఇంటి నుంచి పని చేసే వీలు ఇద్దాం, ఈ-ఆఫీస్ ఉంది, వీపీఎన్ ఇస్తాం అని. మేమందరం సంబరపడ్డాం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మా సెక్షన్‌లో ఒకాయన ఆ 15 రోజులు ఎప్పుడెప్పుడు వాడుకోవాలో క్యాలెండర్‌లో గుండ్రాలు కూడా చుట్టేసుకున్నాడు. ఆర్డర్ ఇచ్చినోడు ఇంకో ఆర్డర్‌తో తీసేయగలడు, అంతే.

కొందరు నాతో వాదిస్తారు, సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) రూల్స్‌లో 43-ఏ అని 2022 జులైలో ఇంటి నుంచి పనికి పెట్టారు కదా అని. నాయనా, అది సెజ్‌లో యూనిట్లు పెట్టుకున్న కంపెనీలకి ఇచ్చిన వెసులుబాటు. మాన్యతా టెక్ పార్కులో పనిచేసే మీ బామ్మర్దికి పనికొస్తుందేమో గానీ నీకు కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఒకే గదిలో కూర్చున్నా నువ్వూ నీ స్టాఫూ వేర్వేరు రూల్ బుక్కుల కింద ఉన్నారు. ఇది అర్థం కాక సగం మంది అనవసరంగా లాయర్లకి డబ్బులు పోస్తున్నారు.

నేరుగా ప్రభుత్వ శాఖలో పనిచేసేవాళ్లయితే ఫండమెంటల్ రూల్స్, సీసీఎస్ (సెంట్రల్ సివిల్ సర్వీసెస్) రూల్స్ కింద ఉంటారు. వాళ్లకున్నవి సర్వీస్ అసోసియేషన్లు, 1993 రూల్స్ ప్రకారం ఆ కేటగిరీలో 35 శాతం మంది సభ్యులుంటే గుర్తింపు వస్తుంది. మాట్లాడుకోడానికి జేసీఎం అనే ఉమ్మడి సంప్రదింపుల వేదిక ఉంది, 1966 నుంచీ నడుస్తోంది, స్టాఫ్ సైడ్ అఫీషియల్ సైడ్ అని ఎదురెదురుగా కూర్చుంటారు. అక్కడ తేలకపోతే ఆర్బిట్రేషన్‌కి పోవచ్చు కానీ మూడే మూడు విషయాల మీద, జీతభత్యాలు, వారానికి పని గంటలు, సెలవు. ఎక్కడ కూర్చుని పనిచేయాలి అనేది ఆ మూడింట్లో లేదు చూడు. పైగా అసోసియేషన్ ఒక్క మనిషి కేసు ఎత్తుకోకూడదు, గ్రూప్ ఏ ఆఫీసర్లకి జేసీఎంలో చోటే లేదు.

నీది ప్రభుత్వ కంపెనీ కాబట్టి లెక్క వేరు. నీ స్టాఫ్ కార్మిక చట్టం కింద ఉన్నారు. పాత పారిశ్రామిక వివాదాల చట్టం 1947లో 9-ఏ సెక్షన్ అని ఉండేది, సర్వీస్ కండిషన్లు మార్చాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, 21 రోజులు ఆగాలి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి కదా, పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అదే విషయం 40వ సెక్షన్‌లో ఉంది, ఆ 21 రోజులు అలాగే ఉన్నాయి. ఏయే మార్పులకి నోటీసు కావాలో షెడ్యూల్‌లో రాశారు, పని గంటలు, షిఫ్టులు, సెలవులు, ఇంకా అలవాటుగా ఇస్తూ వచ్చిన సౌకర్యాన్ని తీసేయడం. ఈ చివరిదే మీ యూనియన్ పట్టుకుని ఉంటుంది, మూడేళ్లుగా ఇస్తున్నారు, ఇది మాకు ఆనవాయితీ అయిపోయింది, నోటీసు లేకుండా తీయడానికి లేదు అని. మేనేజ్‌మెంట్‌కి కూడా ఆ భయం ఉంది కాబట్టే స్టాఫ్‌ని ఐదు రోజులకి లాగకుండా మీ మీద ముందు వేశారు. నీ మీద కక్షేం కాదు, నిన్ను పిలవడానికి 21 రోజులు ఆగక్కర్లేదు, అంతే తేడా.

శాఖల్లో ఉండేవాళ్లకి ఈ నోటీసు రక్షణ లేదు, ఫండమెంటల్ రూల్స్, సీసీఎస్ రూల్స్ వర్తించేవాళ్లని ఆ సెక్షనే మినహాయించింది. అందుకే కోరమంగల కేంద్రీయ సదన్‌లో కూర్చునే క్లర్కుకి లేని పట్టు మీ కంపెనీ అసిస్టెంటుకి ఉంటుంది. ఇద్దరి జీతం ఇచ్చేది కేంద్రమే కావచ్చు, అయినా సరే.

మరి నాకు కింద పద్నాలుగు మంది ఉన్నా నేను చేసేది కూడా కంప్యూటర్ ముందు పనే కదా, నేనూ వర్కర్‌నే అని అనొచ్చా అంటావేమో. అనొచ్చు, హోదా పేరు కాదు అసలు చేసే పని చూడాలి అని కోర్టులు ఎప్పటి నుంచో చెప్తున్నాయి. కానీ నువ్వు సెలవులు శాంక్షన్ చేస్తున్నావు, వాళ్ల అప్రైజల్ రాస్తున్నావు, ఇక నువ్వు వర్కర్‌వని చెప్తే ఏ జడ్జి నమ్ముతాడు. ఒకవేళ సూపర్‌వైజరే అనుకున్నా కొత్త కోడ్‌లో నెలకి 18,000 దాటితే వర్కర్ కిందకి రారు. ఆ దారి వదిలెయ్.

ఇది మన దేశపు రోగం ఒక్కటే అనుకోకు. మా అక్క కోడలు కెనడాలో ఫెడరల్ ప్రభుత్వంలో చేస్తుంది, చిత్తూరు పిల్ల. అక్కడ 2024 సెప్టెంబర్ 9 నుంచి స్టాఫ్‌కి వారానికి కనీసం మూడు రోజులు, ఎగ్జిక్యూటివ్‌లకి నాలుగు రోజులు అని పెట్టారు. అచ్చం నీ సర్క్యులరే. అంతకు ముందు 2023 ఏప్రిల్‌లో పీఎస్ఏసీ అనే పెద్ద యూనియన్ లక్షా యాభై ఐదు వేల మందితో సమ్మె చేసింది, ఇంటి నుంచి పనిని అగ్రిమెంట్‌లో హక్కుగా రాయమనడం వాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైనది. అంత సమ్మె చేసినా అగ్రిమెంట్‌లోకి ఎక్కలేదు. దక్కింది విడిగా ఒక లెటర్, ప్రతి ఉద్యోగి అర్జీనీ మేనేజర్ విడివిడిగా చూడాలి, జవాబు రాతపూర్వకంగా ఇవ్వాలి అని. చాలామంది నవ్వారు, ఇంత గొడవకి ఇదా అని. నాకైతే అది చాలా విలువైనది అనిపించింది. రాతలో కారణం చెప్పాల్సి వస్తే పై ఆఫీసర్ కలం ఎంత జాగ్రత్తగా కదులుతుందో నేను చూశాను, నేనే ఆ కలం పట్టుకున్నాను. కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వంలో కూడా 2025 జులై నుంచి నాలుగు రోజులు అంటే యూనియన్లు బేరమాడి ఏడాది వెనక్కి జరిపించుకున్నాయి. గడువు జరిగింది, ఆర్డర్ పోలేదు. ఎక్కడైనా యూనియన్‌కి దొరికేది టైమూ పద్ధతీ, ఆఫీసుకి పిలిచే అధికారం మాత్రం యజమాని దగ్గరే ఉంటుంది.

మాకూ అదే అనుభవం. ఒకసారి ఆఫీస్ కౌన్సిల్‌లో, అంటే జేసీఎం ఆఫీసు స్థాయి మీటింగ్‌లో, మా వాళ్లు ఇంటి నుంచి పని మా హక్కు అని అజెండాలో పెట్టారు, అఫీషియల్ సైడ్ చైర్మన్ రెండు నిమిషాల్లో తోసేశాడు, నెక్స్ట్ పాయింట్ అన్నాడు. ఆ రాత్రి కూర్చుని అజెండా మార్చాం. 2020 మేలోనే పై నుంచి మూడు టైమింగులు ఇచ్చారు కదా, 9 నుంచి 5.30, 9.30 నుంచి 6, 10 నుంచి 6.30, అవి మళ్లీ కావాలి, రోస్టర్ నెల ముందే బోర్డు మీద పెట్టాలి, రెండు పేర్లు మార్చుకోవాలంటే సెక్షన్ ఆఫీసర్ దగ్గరే అయిపోవాలి, పైకి పోకూడదు. మూడూ ఒప్పుకున్నారు. సిల్క్ బోర్డు ట్రాఫిక్ దగ్గర పొద్దున తొమ్మిదికీ తొమ్మిదిన్నరకీ మధ్య ఉండే తేడా ఏంటో బెంగుళూరులో ఉన్నోడికే తెలుస్తుంది, ఆ అరగంట ఇస్తే మనిషి రోజుకి గంటన్నర మిగుల్చుకుంటాడు. మీ యూనియన్ వాళ్లతో నీకు మంచిగా ఉంటే ఈ ముక్క చెవిన వెయ్యి, ఆఫీసర్‌గా కాదు, టీ దగ్గర.

ఇంకోటి కూడా చెవిన వెయ్యి. మాస్ సీఎల్, అంటే అందరం కలిసి క్యాజువల్ లీవ్ పెడదాం అని ఎవరో అంటూ ఉంటారు చూడు, ప్రతి యూనియన్‌లో ఒకడుంటాడు. కొత్త కోడ్ ప్రకారం సగం మందో అంతకంటే ఎక్కువ మందో కూడబలుక్కుని ఒకే రోజు క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మె కిందే లెక్క, సమ్మెకి 14 రోజుల నోటీసు తప్పదు. వాళ్లకి తెలియకుండా ఇరుక్కుంటారు. శాఖల్లో అయితే ఇంకా కష్టం, చెన్నైలో 2003లో ఏం జరిగిందో మన తరం మర్చిపోదు, సమ్మె చేసిన తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగుల్ని లక్షా డెబ్బై వేల మంది దాకా ఒక్క కలంపోటుతో తీసేశారు, రంగరాజన్ కేసులో సుప్రీం కోర్టు ప్రభుత్వ ఉద్యోగులకి సమ్మె చేసే హక్కు లేదనేసింది, చాలామంది క్షమాపణ రాసిచ్చి మళ్లీ చేరారు. మా తోడల్లుడు అప్పుడు అక్కడే సచివాలయం పక్కన ఉండేవాడు, ఆ నెల గురించి ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతాడు.

సరే నీ స్టాఫ్‌కి ఏం చెప్పాలి అన్నావు. నిజం చెప్పు. మీకు మూడు రోజులు, నాకు ఐదు, మీ సంగతి యూనియన్ తేలుస్తుంది, నా చేతిలో లేదు అని. నువ్వు రావాల్సి వస్తోందని వాళ్లనీ ఐదు రోజులు లాక్కురాకు, అది చాలామంది ఆఫీసర్లు చేసే తప్పు, మాటల్లేకుండా వాట్సాప్‌లో రేపు అందరూ వస్తే బాగుంటుంది అని పెట్టేస్తారు. ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ సాయంత్రానికి యూనియన్ సెక్రటరీ ఫోన్‌లో ఉంటుంది, నోటీసు ఇవ్వకుండా మార్చారు అనడానికి నువ్వే సాక్ష్యం రాసిచ్చినట్టు.

దానికి తిరగేసిన తప్పు ఇంకా ప్రమాదం. నోటి మాటగా పర్మిషన్ ఇవ్వడం. నేను చేసిన ఒక ఆఫీసులో సెక్షన్ ఆఫీసర్ ఒకాయన ఉండేవాడు, బంగారం లాంటి మనిషి. కోలారులో ముసలి తల్లిని చూసుకుంటున్న ఒక యూడీసీకి (అప్పర్ డివిజన్ క్లర్కుకి), నువ్వు రాకపోయినా పర్లేదమ్మా, ఫైల్ కదిలితే చాలు అన్నాడు. రిజిస్టర్‌లో హాజరు పడిపోయేది. ఫైలూ కదిలింది, పనేం ఆగలేదు. తర్వాత బయోమెట్రిక్ తిరిగి పెట్టినప్పుడు ఆడిట్ వాళ్లు ఊరికే కూర్చోక పాత రిజిస్టర్‌నీ గేటు లాగ్‌నీ పక్కపక్కన పెట్టారు, నలభై ఒక్క రోజులు తేడా. ఆవిడ మా ఆఫీసర్ చెప్పాడు అంది, నిజమే చెప్పింది. ఆ రోజులు ఆమె లీవ్‌లో కోసుకున్నారు, అయిపోయింది. ఆయనకి మాత్రం రూల్ 16 కింద క్రమశిక్షణ మెమో, ఒక ఇంక్రిమెంట్ ఆగింది, రిటైర్‌మెంట్‌కి రెండేళ్ల ముందు. తప్పుడు హాజరు వేశాడు అనే మాట ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది, డబ్బు కాదు. అదే ఆయన ఒక కాగితం మీద, ఫలానా కారణంగా ఫలానా తేదీ వరకు ఇంటి నుంచి పనికి సిఫార్సు చేస్తున్నాను అని పైకి పంపి ఉంటే, పైవాళ్లు కాదన్నా ఆయన బతికిపోయేవాడు.

నీ పద్నాలుగు మందిలో నిజంగా అవసరం ఉన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ల కోసం అసలైన దారులు ఉన్నాయి. ప్రసూతి సెలవు అయ్యాక పని స్వభావం ఒప్పుకుంటే, ఇద్దరూ అంగీకరిస్తే ఇంటి నుంచి చేయొచ్చు అని ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017 సవరణలోనే పెట్టారు. దివ్యాంగులకి 2016 చట్టం కింద తగిన వెసులుబాటు కల్పించడం ప్రభుత్వ సంస్థ బాధ్యత, దయ కాదు. ఇలాంటివాళ్ల అర్జీల మీద నీ సిఫార్సు నాలుగు లైన్లయినా వివరంగా రాయి, ఫార్వర్డెడ్ అని ఒక్క ముక్క గీకి పంపించకు.

ఇక నీ సంగతి. ఒకటో తారీఖున ఆఫీసుకి వెళ్లు. అర్జీ పెట్టాను కదా తేలేదాకా ఇంట్లో ఉంటాను అనుకోకు, అది అనుమతి లేని గైర్హాజరు అవుతుంది, పని లేదు జీతం లేదు అంటారు, సర్వీస్‌లో బ్రేక్ దాకా లాగుతారు, అప్పుడు నీ అర్జీలో న్యాయం ఉన్నా ఎవరూ చదవరు. వెళ్తూ పోరాడు. మెట్రోలో నిలబడి తిట్టుకో, తప్పులేదు.

రిప్రజెంటేషన్, అదే అర్జీ, రాసేటప్పుడు స్టాఫ్‌కి మూడు, మాకు ఐదు, ఇది వివక్ష అని మొదలెట్టకు. వాళ్లూ మీరూ ఒకే తరగతి కాదు కాబట్టి సమానత్వం వాదన మొదటి పేరాలోనే పడిపోతుంది. దాని బదులు పని గురించి రాయి. నీ టీమ్ మూడు రోజులే ఉంటుంది, మిగతా రెండు రోజులు నువ్వు ఖాళీ గదిలో కూర్చుని వీడియో కాల్‌లో వాళ్లతోనే మాట్లాడతావు, కాబట్టి స్టాఫ్ విషయం తేలేవరకు నీ రోజుల్ని కూడా వాళ్ల రోస్టర్‌తో కలపమని అడుగు. ఇది పై ఆఫీసర్‌కి అర్థమయ్యే భాష, ఒప్పుకుంటే ఆయనకి పోయేదేం లేదు. కుదరకపోతే టైమింగ్ మార్పు అడుగు. జవాబు రాతలో కావాలని చివర ఒక లైన్ మర్యాదగా పెట్టు, ఇన్‌వార్డ్ నంబర్ వేయించుకో. మీ ఆఫీసర్ల అసోసియేషన్ ఉంటే వాళ్ల ద్వారా కూడా అదే పంపు, బేరమాడే హోదా వాళ్లకి లేకపోయినా పదిమంది సంతకాలకి ఒక బరువుంటుంది.

కోర్టు అంటావా, శాఖ ఉద్యోగులైతే క్యాట్‌కి (కేంద్ర ఉద్యోగుల ట్రిబ్యునల్‌కి) పోవాలి, అక్కడ కూడా ముందు రిప్రజెంటేషన్ పెట్టి జవాబు రాకపోతే ఆర్నెల్లు ఆగాలి, ఆ తర్వాత ఏడాదిలోపు పోవాలి. మీలాంటి కంపెనీల వాళ్లు ఎక్కువగా హైకోర్టులో రిట్ వేస్తుంటారు. నేనైతే వేయను. పని ఎక్కడ చేయాలో చెప్పే విషయంలో జడ్జిలు వేలు పెట్టడానికి ఇష్టపడరు, నువ్వు ఖర్చు పెట్టే డబ్బుతో ఆర్నెల్లు కేఆర్ పురంలో చిన్న రూమ్ తీసుకోవచ్చు.

ఆ రూమ్ మాట ఎందుకన్నానంటే, ఇంకొక్కటి ఉంది, జాగ్రత్తగా విను. నువ్వు రాసిన దాంట్లో హిందూపురం మూడు సార్లు వచ్చింది. సుమారు వంద కిలోమీటర్లు, పొద్దున రైలు, సాయంత్రం రైలు, పాప స్కూల్, అన్నీ నిజమే, నాకు జాలి కూడా వేసింది. కానీ నీ పోస్టింగ్ బెంగుళూరు, నువ్వు తీసుకునేది బెంగుళూరు రేటు హెచ్ఆర్ఏ, అంటే ఇంటి అద్దె భత్యం. ఊరు వదిలి ఉండడానికి నువ్వెప్పుడైనా పర్మిషన్ తీసుకున్నావా? తీసుకుని ఉండవు, ఎవరూ తీసుకోలేదు. రిప్రజెంటేషన్‌లో హిందూపురం అని రాసిన మరుక్షణం నీ అర్జీ హాజరు ఫైల్ లోంచి విజిలెన్స్ ఫైల్ లోకి పోతుంది, చదివేవాడు మంచోడైనా సరే పక్కన కూర్చున్నోడు మంచోడు కాకపోవచ్చు. అబద్ధం రాయమనట్లేదు. ఆ ఊరి పేరే ఎత్తకు, ప్రయాణం గురించే రాయకు, పని గురించి రాయి. ఒకటో తారీఖు లోపు బెంగుళూరులో ఉండడానికి ఏదో ఒకటి కుదుర్చుకో, వారానికి మూడు రాత్రులకైనా.

డ్రాఫ్ట్ రాశాక పంపు, ఆదివారం ఖాళీగానే ఉంటాను, చూసి పెడతా.